పాత కంప్యూటర్‌తో బేసిక్ – 3వ పాఠం: మెమరీలో వేలు పెడదాం

పోయిన పాఠం చివర్లో ఫర్, నెక్స్ట్ (చెప్పిన పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆజ్ఞలు) వాడి ఏడో ఎక్కం వేయమన్నాను కదా. లూప్ 1 నుంచి 10 దాకా తిరిగి, లోపల ఒకే ఒక్క ప్రింట్ ఉంటే చాలు. మీది ఇంకాస్త పొడుగొచ్చినా ఎక్కం సరిగ్గా పడిందంటే పాస్ అయినట్టే, ముందుకు వెళ్దాం.

ఇవాళ్టి పాఠం కోసమే నేను ఈ సిరీస్ మొదలుపెట్టాను. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి ఇప్పటి కంప్యూటర్ ఉండగా 1982 నాటి కమోడోర్ 64 ఎమ్యులేటర్ (ఆ పాత కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాం) ఎందుకు పెట్టుకోమన్నానో ఈ పాఠం చేశాక మీకే తెలుస్తుంది. ఇప్పటిదాకా మనం ప్రింట్ అని చెప్తే కంప్యూటర్ తనకు తోచిన చోట అక్షరాలు వేసింది. ఇవాళ దాన్ని అడిగేది లేదు, మనమే తెర తాలూకు మెమరీలోకి వెళ్లి కావలసిన గడిలో కావలసిన అక్షరం పెడతాం.

ఎప్పటిలాగే, ఆజ్ఞల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం వాటిని ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. పోక్, పీక్ రెండూ నాలుగక్షరాల మాటలు.

ముందు మెమరీ సంగతి. కమోడోర్ 64 పేరులో ఉన్న 64 అంటే 64 కేబీ, అంటే 65,536 బైట్లు. ఒక పొడవాటి వీధిలో వరసగా 65,536 ఇళ్లున్నాయనుకోండి. డోర్ నంబర్లు 0 నుంచి 65535 దాకా. ఒక్కో ఇంట్లో ఒక్క అంకె మాత్రమే ఉంటుంది, అది 0 నుంచి 255 లోపే ఉండాలి. ఏ ఇంట్లోనైనా అంకె పెట్టడానికి పోక్, ఏముందో చూసి రావడానికి పీక్. ఇవాళ్టి ఆజ్ఞలు ఈ రెండే.

ఈ వీధిలో 1024 నుంచి 2023 దాకా ఉన్న వెయ్యి ఇళ్లు మన తెర. అడ్డంగా 40 అక్షరాలు, నిలువుగా 25 వరసలు, మొత్తం వెయ్యి గడులు. వీడియో చిప్ ఆ వెయ్యి బైట్లను ఆగకుండా చదువుతూ బొమ్మ గీస్తూనే ఉంటుంది, కాబట్టి మీరు అంకె మార్చిన మరుక్షణం తెర మీద అక్షరం మారిపోతుంది.

చేసి చూడండి. షిఫ్ట్ పట్టుకుని హోమ్ కీ నొక్కితే తెర ఖాళీ అవుతుంది. తర్వాత లైన్ నంబర్ లేకుండా ఇలా కొట్టి ఎంటర్ నొక్కండి:

పోక్ 1524,1 : పోక్ 55796,7

తెర మధ్యలో పసుప్పచ్చ రంగులో ఇంగ్లీష్ ‘ఎ’ అక్షరం వచ్చిందా? రాకపోతే కామా దగ్గర ఫుల్‌స్టాప్ పడిందేమో చూడండి. ఇందులో 1524 ఎక్కడిదంటే, 1024 దగ్గర తెర మొదలు, పైనుంచి 12 వరసలు వదిలేస్తే 12 ఇంటూ 40, అంటే 480, ఎడమనుంచి 20 గడులు వదిలేస్తే ఇంకో 20, అన్నీ కూడితే 1524. ఈ లెక్క కాగితం మీద ఒక్కసారి మీ చేత్తో వేయండి, చదివి వదిలేయొద్దు. వరసలూ గడులూ సున్నా నుంచి లెక్కపెడతాం, అదొక్కటి గుర్తుంటే చాలు.

రెండో పోక్ రంగు కోసం. ప్రతి గడికీ రంగు వేరే చోట ఉంటుంది, ఆ జాగా 55296 దగ్గర మొదలవుతుంది. గడి నంబరుకు 54272 కలిపితే దాని రంగు నంబరు వచ్చేస్తుంది. మొత్తం 16 రంగులు: 0 నలుపు, 1 తెలుపు, 2 ఎరుపు, 5 ఆకుపచ్చ, 6 నీలం, 7 పసుపు, మిగతావి మీరే వేసి చూసుకోండి. రంగు పోక్ మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టకండి. ఈ మెషీన్ రోమ్ (తయారీలోనే రాసేసిన, చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని మెమరీ) రెండు మూడు వెర్షన్లలో వచ్చింది, వాటిలో ఒకదానిలో తెర తుడవగానే గడుల రంగు కూడా వెనక రంగులోకే మారిపోతుంది, అప్పుడు అక్షరం పెట్టినా నీలం మీద నీలం, ఏమీ కనబడదు.

ఇప్పుడు తెర మళ్లీ తుడిచి ఇది కొట్టండి:

ఫర్ ఐ=0 టు 255 : పోక్ 1424+ఐ,ఐ : పోక్ 55696+ఐ,1 : నెక్స్ట్

ఒక్కో అక్షరం ఎడమనుంచి కుడికి పరుచుకుంటూ పోవడం మీ కంటికి కనబడుతుంది. దాన్ని తొందరపెట్టకుండా చూడండి. హార్ట్, డైమండ్, గుండ్రటి బంతి, మూలలు, గీతలు, ఆ తర్వాత అవే అక్షరాలు తిరగేసిన రంగుల్లో. బొమ్మలు గీయడం ఇంకా రాని పిల్లలు కూడా ఈ గీతలూ మూలలూ కలిపి ఇళ్లు, కోటలు, రాకెట్లు కట్టేవాళ్లు. 83 హార్ట్, 81 బంతి, 160 నిండు గడి, 32 ఖాళీ. ఈ నాలుగూ మనకు చాలాసార్లు పనికొస్తాయి, రాసి పెట్టుకోండి.

కమోడోర్ బదులు స్పెక్ట్రమ్ అనే ఇంకో పాత కంప్యూటర్ ఎమ్యులేటర్ పెట్టుకున్న వాళ్లకు ఒక మాట. మీకు ఈ నంబర్లు పనిచేయవు. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కూడా 1982లోనే వచ్చింది కానీ దాని తెర 16384 దగ్గర మొదలవుతుంది, అక్షరాలుగా కాకుండా చుక్కలుగా ఉంటుంది, ఆ చుక్కల వరసలు కూడా మూడు భాగాలుగా మెలికలు తిరిగి ఉంటాయి, కొత్తవాళ్లకు తలనొప్పి. మీరు రంగులతో మొదలుపెట్టండి: పోక్ 22528,16 కొడితే పై ఎడమ మూల గడి ఎర్రగా అవుతుంది. అక్కణ్ణుంచి 768 గడులు, ఒక్కో దానికి ఒక బైట్. మిగతా పాఠం చదవండి, చేసేటప్పుడు నంబర్లు మార్చుకోండి.

ఇప్పుడు వీధిలో ఇంకాస్త దూరం వెళ్దాం. పోక్ 53280,0 అనండి, అంచు నల్లబడుతుంది. పోక్ 53281,0 అంటే లోపలి నీలం కూడా నలుపు. ఇవి మెమరీ ఇళ్లు కావు, సాక్షాత్తు వీడియో చిప్ తలుపులు. ప్రాసెసర్‌కి ఆ తేడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, దాని దృష్టిలో అదీ ఒక డోర్ నంబరే. మరి తేడా ఎక్కడ బయటపడుతుందంటే, ఎమ్యులేటర్‌ని రీసెట్ చేసి ప్రింట్ పీక్(53280) అని అడగండి. మామూలుగా అంచు రంగు లేత నీలం, దాని నంబరు 14. కానీ జవాబు 254 వస్తుంది! ఒక బైట్ అంటే ఎనిమిది బిట్లు, ఒక్కో బిట్ 0 లేదా 1. రంగుకు నాలుగు బిట్లు చాలు కాబట్టి చిప్‌లో నాలుగే ఉన్నాయి, మిగతా నాలుగు ఖాళీ, ఆ ఖాళీ బిట్లు చదివితే ఎప్పుడూ 1 అనే వస్తాయి. వాటి విలువ 240, దానికి 14 కలిపితే 254. చిప్ తయారుచేసిన వాళ్లు ఖాళీగా వదిలేసిన నాలుగు బిట్లను నలభై ఏళ్ల తర్వాత మీరు ఇంట్లో కూర్చుని ఒక్క లైనుతో పట్టుకున్నారు. నాకు ఈ మెషీన్ మీద ఇంత ప్రేమ ఇలాంటి వాటివల్లే.

ఇలాంటిదే ఇంకొకటి. ఆన్ చేయగానే తెర మీద 38911 బైట్లు ఖాళీ అని వస్తుంది కదా, 65,536లో మిగతావి ఏమైనట్టు? బేసిక్ ప్రోగ్రాముకి ఇచ్చిన జాగా 2049 నుంచి 40959 దాకా, లెక్కేస్తే సరిగ్గా 38911. 40960 నుంచి 8 కేబీ బేసిక్ రోమ్. కానీ ఆ రోమ్ కింద కూడా రామ్ (మనం అంకెలు మార్చుకోగలిగే మెమరీ) ఉంది, కనబడదంతే. ఇలా చేయండి:

పోక్ 40960,5 : ప్రింట్ పీక్(40960)

5 రాదు, 148 వస్తుంది. మీరు పెట్టిన 5 పోలేదు, రోమ్ కింద ఉన్న రామ్‌లో భద్రంగా ఉంది. రాయమంటే అడుగున ఉన్న రామ్‌లో రాస్తుంది, చదవమంటే పైనున్న రోమ్ చదివి చెప్తుంది. రోమ్‌ని పక్కకి తప్పించే మార్గం కూడా ఉంది, దాన్ని ఇంకో నాలుగైదు పాఠాలయ్యాక ముట్టుకుందాం, ఇప్పుడు వద్దు.

తప్పు చోట పోక్ చేస్తే ఏమవుతుందో అని టెన్షన్ పడకండి. మహా అయితే మెషీన్ బిగుసుకుపోతుంది, రీసెట్ కొడితే మళ్లీ ఆ నీలం తెర వచ్చేస్తుంది. ఇప్పటి కంప్యూటర్‌లో మీ ప్రోగ్రాం తనది కాని మెమరీ ముట్టుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. అది అవసరమే, బ్యాంకు పాస్‌వర్డ్ ఉన్న మెషీన్‌లో ఎవరు పడితే వాళ్లు ఎక్కడ పడితే అక్కడ వేలు పెడితే కొంప మునుగుతుంది. కానీ నేర్చుకునేవాడికి మాత్రం దానివల్ల ఒకటి పోయింది. అంకె మారిస్తే చుక్క మారుతుందనే సంగతిని కళ్లతో చూసే వీలు పోయింది. ఇప్పటి 4కే తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు, ఒక్కో దానికి 4 బైట్లు వేసుకుంటే ఒక్క బొమ్మకే 3 కోట్ల 31 లక్షల బైట్లు, అంటే ఐదువందలకు పైగా కమోడోర్ల మొత్తం మెమరీ. అందులో ఒక బైట్‌ని పేరు పెట్టి పిలవడం ఎవరివల్లా కాదు. వెయ్యి బైట్ల తెర మాత్రం మనిషి బుర్రలో పడుతుంది.

సరే, ఇక ప్రోగ్రాం. బంతి అటూ ఇటూ తిరగాలి. తెర తుడిచి, న్యూ కొట్టి, మొదలుపెట్టండి:

10 ఎక్స్=0 : డి=1
20 పోక్ 1504+ఎక్స్,81 : పోక్ 55776+ఎక్స్,1
30 ఫర్ టి=1 టు 20 : నెక్స్ట్
40 పోక్ 1504+ఎక్స్,32
50 ఎక్స్=ఎక్స్+డి
60 ఇఫ్ ఎక్స్=0 ఆర్ ఎక్స్=39 దెన్ డి=-డి
70 గోటు 20

ఎక్స్, డి, టి ఒక్కో అక్షరం పేరున్న వేరియబుల్స్. 60లో ఉన్న ఆర్ మాత్రం ‘లేదా’ అని చెప్పే ఆజ్ఞ. మళ్లీ ఒకసారి తెర తుడిచి రన్ కొట్టండి. ఆపాలంటే వైస్ ఎమ్యులేటర్‌లో ఎస్కేప్ కీ, అదే రన్‌స్టాప్.

లైన్ 40 తీసేసి చూడండి, బంతి వెనక తోకలా బంతుల వరస మిగిలిపోతుంది. కదలడం అంటూ ఏమీ లేదని అప్పుడు అర్థమవుతుంది. ఒకచోట చెరిపి పక్కన వేయడమే, ఇవాళ్టి గేముల్లో కూడా అడుగున జరిగేది ఇదే.

లైన్ 30 ఏ పనీ చేయదు, ఊరికే ఆలస్యం చేస్తుంది. 20 బదులు 1000 పెడితే ఒక్కో అడుగుకీ సుమారు సెకను పడుతుంది, అంటే ఈ మెషీన్‌లో బేసిక్ సెకనుకు దాదాపు వెయ్యి ఖాళీ చుట్లు తిరుగుతుంది. దాని ప్రాసెసర్ వేగం సుమారు 1 మెగాహెర్ట్జ్. మీ చేతిలో ఫోన్ ప్రాసెసర్ ఒక్కో కోర్ అంతకు రెండువేల రెట్లో మూడువేల రెట్లో వేగంగా టిక్కుమంటుంది, పైగా ఒక్కో టిక్కులో చేసే పని కూడా ఎక్కువ. ఆ ఫోన్ ప్రాసెసర్‌కి కూడా కమోడోర్ కాలపు హోమ్ కంప్యూటర్లే పుట్టిల్లు. బీబీసీ మైక్రో తయారుచేసిన ఏకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ కలిసి ఆర్మ్ ప్రాసెసర్ డిజైన్ చేశారు, మొదటి చిప్ 1985లో వచ్చింది, ఇవాళ దాదాపు ప్రతి ఫోన్‌లో ఉన్నది దాని వారసులే. చిప్ ఇంకా చేతికి రాకముందే దాని ఆజ్ఞలు సరిగ్గా పనిచేస్తాయా లేదా అని విల్సన్ నడిపి చూసుకున్న సిమ్యులేటర్ ఏ భాషలో రాశారో తెలుసా, బేసిక్‌లో! బేసిక్ పిల్లల భాష అని ఎవరైనా తీసిపారేస్తే ఈ సంగతి చెప్పండి.

పీక్‌తో ఒక పని చేసి ఇవాళ్టికి ఆపేద్దాం. ఈ కంప్యూటర్ సెకనుకు దాదాపు 60 సార్లు కీబోర్డు మొత్తం తడిమి, ఏ కీ నొక్కి ఉందో దాని నంబరు 197లో రాసి పెడుతుంది. ‘ఎ’ కీకి 10, ‘డి’ కీకి 18, ఏదీ నొక్కకపోతే 64. మరి బంతిని మన వేళ్లతో నడపొచ్చు:

10 ఎక్స్=20
20 కె=పీక్(197)
30 పోక్ 1504+ఎక్స్,32
40 ఇఫ్ కె=10 అండ్ ఎక్స్>0 దెన్ ఎక్స్=ఎక్స్-1
50 ఇఫ్ కె=18 అండ్ ఎక్స్<39 దెన్ ఎక్స్=ఎక్స్+1
60 పోక్ 1504+ఎక్స్,81 : పోక్ 55776+ఎక్స్,1
70 గోటు 20

నడుస్తుంది, కానీ బంతి మిణుకుమిణుకుమంటుంది. మీరు ఏ కీ నొక్కకపోయినా లైన్ 30 ప్రతిసారీ బంతిని చెరిపేస్తోంది, 60 మళ్లీ వేస్తోంది, మధ్యలో ఖాళీ గడి మీ కంటికి దొరికిపోతోంది. ఆ మిణుకు పోగొట్టడం మీ మొదటి హోమ్‌వర్క్. ఒక్క లైను కలిపితే సరిపోతుంది, పైన చెప్పిన 64 గుర్తు తెచ్చుకోండి. రెండోది, పైకీ కిందికీ కూడా నడపండి: ‘డబ్ల్యూ’ కీకి 9, ‘ఎస్’ కీకి 13, ఒక వరస దిగాలంటే ఎంత కలపాలో మీకు తెలుసు. పై అంచు, కింది అంచు దాటకుండా మాత్రం కాపలా పెట్టండి. 2023 దాటి పోక్ చేస్తే అది తెర కాదు, ఇంకాస్త ముందుకెళ్తే మీ ప్రోగ్రాం ఉన్న ఇళ్లే, బంతి వెళ్లి మీ సొంత లైన్లనే చెరిపేస్తుంది. అందుకే రన్ కొట్టే ముందు సేవ్ చేసుకోండి.

వచ్చే పాఠంలో రీడ్, డేటా. అప్పట్లో పత్రికల్లో పేజీలకు పేజీలు అంకెలు అచ్చువేస్తే జనం కూర్చుని కామాతో సహా టైప్ చేసుకునేవాళ్లు, ఆ అంకెల్లో ఏముండేదో విప్పి చూద్దాం, మన బంతి స్థానంలో మనమే గీసిన బొమ్మ పెడదాం. దానికి గళ్ల కాగితం ఒకటి, పెన్సిల్ ఒకటి దగ్గర పెట్టుకోండి, 24 గళ్లు అడ్డం, 21 గళ్లు నిలువు.