మొదటిసారి కట్టెలు కొడుతున్నారా?

1996 నవంబర్ తుఫానుకు కోనసీమలో మా పెరటి మామిడి కూలినప్పుడు నాన్న నా చేతికి మొదటిసారి గొడ్డలి ఇచ్చారు. కొత్తవాళ్లు సరుగుడుతో మొదలుపెట్టండి. మూరెడు ముక్కలుగా కోసి, పచ్చిగా ఉండగానే చీల్చండి, ఎండితే మొండికేస్తుంది. కింద వెడల్పాటి మొద్దు ఉండాల్సిందే. మన ఒండ్రునేల మీద పెట్టి కొడితే దెబ్బ బలమంతా మట్టిలోకే పోతుంది. కాళ్లు ఎడంగా పెట్టి, ముక్క చివర కనిపించే నెర్రె మీదే గురిపెట్టండి. కణుపులున్న ముక్కను పక్కన పెట్టేయండి, దానితో పంతం వద్దు. చెప్పులేసుకుని గొడ్డలి పట్టొద్దు, బూట్లు కావాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చీల్చినవి ఇటుకల మీద గాలి ఆడేలా పేర్చి, వానలకు ముందే పైన తాటాకు కప్పండి. పక్కలు మాత్రం మూయకండి.