గ్యాస్ బావి పక్కన ఇల్లు కొంటున్నారా? బార్నెట్ షేల్‌లో ముందే చూసుకోవాల్సినవి

డాలస్‌కి వాయవ్యంగా, ఐ-35 వెస్ట్ పక్కన లేచిన కొత్త కమ్యూనిటీల్లో ఇల్లు చూసే మనవాళ్లు అడిగేవి ఎప్పుడూ ఒకటే: తూర్పు ముఖమేనా, స్కూల్ రేటింగ్ ఎంత, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) ఫీజు ఎంత. వెనక ఫెన్సు అవతల ట్యాంకులు, పైపులు, చుట్టూ గోడ ఉన్న ఆ స్థలం ఏమిటని అడిగేవాళ్లు తక్కువ. అది గ్యాస్ బావుల ప్యాడ్. డెంటన్, టారెంట్, వైజ్ కౌంటీల కింద బార్నెట్ షేల్ అనే రాతి పొర ఉంది. ఆ రాయి నుంచి గ్యాస్ తీసే పద్ధతే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్, అందరూ అనే ఫ్రాకింగ్.

నేను కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ చదివి, టెక్సస్‌లో కొన్నేళ్లు ఫ్రాక్ సైట్లలో పనిచేశాను. అందుకని బంధువుల్లో ఎవరు ఇల్లు కొంటున్నా ఫోన్ నాకే. మాది అమలాపురం దగ్గర ఊరు కాబట్టి మొదటి ప్రశ్న కూడా ఊహించినదే: "అక్కా, పాశర్లపూడిలా అంటుకుంటుందేమో?"

పాశర్లపూడిలో 1995 జనవరిలో జరిగింది బ్లోఅవుట్. అక్కడ గ్యాస్ తన ఒత్తిడితో తానే తన్నుకొచ్చి రెండు నెలలకు పైగా మండింది. బార్నెట్‌లో చిక్కు దీనికి తలకిందులు. ఇక్కడ గ్యాస్ దానంతటది రాదు. షేల్ రాయి పూతరేకు మడతల్లా పల్చటి పొరలుగా ఉంటుంది, గ్యాస్ ఆ పొరల్లోని కంటికి కనిపించని రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటుంది. రాయిని పగలగొడితే తప్ప బయటికి రాదు. జార్జ్ మిచెల్ కంపెనీ 1981లో ఇక్కడ మొదటి బావి తవ్వి, లాభం వచ్చే పద్ధతి దొరికేసరికి 1990ల చివరికి వచ్చింది. రాయి పగలగొట్టడానికి వాడే ఖరీదైన జెల్ మానేసి దాదాపు ఉత్త నీళ్లే కొట్టి చూశారు, పనిచేసింది. ఆ తర్వాత బావిని అడ్డంగా తిప్పడం కూడా తోడైంది.

పని జరిగే తీరు ఇది. ముందు రిగ్గు నిలువుగా తవ్వుతుంది. తాగునీటి పొరలు దాటేదాకా ఉక్కు గొట్టం దింపి, దాని చుట్టూ సిమెంటు నింపుతారు. తర్వాత ఏడెనిమిది వేల అడుగుల లోతున షేల్‌లోకి చేరి అడ్డంగా మలుపు తీసుకుంటుంది, ఇంకో నాలుగైదు వేల అడుగులు అలాగే పోతుంది. అంటే ప్యాడ్ అర మైలు అవతల ఉన్నా బావి మీ వంటింటి కింద ఉండొచ్చు. రిగ్గు వెళ్లిపోయాక మా లాంటి ఫ్రాక్ సిబ్బంది వస్తారు. వైరు మీద ఒక గన్ దింపి, చిన్న పేలుళ్లతో గొట్టానికి చిల్లులు పెడతారు. పంపు ట్రక్కులు వరసగా నిలబెట్టి, నీళ్లూ ఇసకా కలిపి వేల పీఎస్‌ఐ ఒత్తిడితో ఆ చిల్లుల్లోంచి కొడతారు. రాయి పగులుతుంది. ఒత్తిడి తీసేశాక పగుళ్లు మూసుకుపోకుండా ఇసక రేణువులు అడ్డం నిలుస్తాయి. ఒక భాగం కాగానే ప్లగ్ పెట్టి పక్క భాగం. అన్నీ అయ్యాక ప్లగ్గులు తవ్వేస్తారు, ముందు నీళ్లు, వెనకే గ్యాస్ వస్తాయి.

ఒక అడ్డ బావికి ఇక్కడ 30 నుంచి 50 లక్షల గ్యాలన్ల నీళ్లు పడతాయి. రసాయనాలు అర శాతం, ఒక శాతమే అని కంపెనీ కరపత్రాల్లో ఉంటుంది, అబద్ధం కాదు. కానీ 40 లక్షల గ్యాలన్లలో అర శాతమంటే 20 వేల గ్యాలన్లు. ఘర్షణ తగ్గించే పాలిమర్, బ్యాక్టీరియాని చంపే మందు, గొట్టంలో తెట్టు కట్టకుండా వేసేది, ముందుగా పోసే హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ముఖ్యమైనవి.

ఏడు వేల అడుగుల కింద పడిన పగులు పైకి పాకి కుళాయిలోకి వస్తుందా అన్నదాని మీదే అందరికీ టెన్షన్. నా దృష్టిలో అది చివరి ప్రశ్న. ఫ్రాక్ కొన్ని రోజుల పని, బావి దశాబ్దాల పాటు ఉంటుంది. పక్కింటివాళ్లకు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పైనుంచే వస్తుంది: సరిగా కూర్చోని సిమెంటు, కారిన ట్యాంకు, గ్యాస్‌ని పైపులైన్లోకి నెట్టే ఆగని కంప్రెసర్, ఉప్పునీళ్లు మోసే ట్రక్కులు. 2016 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తుది నివేదిక కూడా తాగునీటికి దెబ్బ తగిలే సందర్భాలుగా ఒలికిపోవడం, బావి గొట్టాల లోపాలు, వ్యర్థ జలాన్ని సరిగా వదిలించుకోకపోవడం లాంటివే చెప్పింది.

మ్యాపు ముందు పెట్టుకుని కూర్చోండి

మొదట రైల్‌రోడ్ కమిషన్ ఆఫ్ టెక్సస్ వెబ్‌సైట్లో జీఐఎస్ వ్యూయర్ అనే మ్యాపు తెరవండి. పేరు చూసి కంగారు పడకండి, 2005 నుంచి ఆ ఆఫీసుకి రైళ్లతో పనే లేదు, చమురు, గ్యాస్ బావులన్నీ దాని కిందే. ఇంటి అడ్రసు కొడితే చుట్టూ బావుల గుర్తులు వస్తాయి. గుర్తు నుంచి గీత సాగితే అది అడ్డ బావి. నొక్కితే ఏపీఐ నంబరు, అంటే ఆ బావి గుర్తింపు సంఖ్య, వస్తుంది. మొదటి అంకెలు రాష్ట్రం, కౌంటీ: 42 టెక్సస్, 121 డెంటన్ కౌంటీ, 439 టారెంట్. నంబరు రాసుకోండి. ప్యాడ్ మీద ఎన్ని బావులున్నాయి, మూసేసినవి ఎన్ని, పర్మిట్ తీసుకుని ఇంకా తవ్వనివి ఉన్నాయా చూడండి. నేనైతే ఈ ఆఖరిదానికే ఎక్కువ భయపడతాను. డెంటన్‌లో 2013, 2014లో గొడవ ముదిరింది ఇక్కడే: పాత ప్యాడ్ల మీద, కొత్త ఇళ్లకు దగ్గరగా, మళ్లీ రిగ్గులు వచ్చాయి.

అదే మ్యాపులో ఇంజెక్షన్, డిస్పోజల్ బావులకు వేరే గుర్తులుంటాయి. అవీ చూడండి. గ్యాస్‌తో పాటు వచ్చే ఉప్పునీళ్లని ఈ బావుల్లోకి, బార్నెట్ కిందున్న ఎలెన్‌బర్గర్ అనే సున్నపురాయి పొరలోకి పంపుతారు. ఫోర్ట్‌వర్త్ పక్కనున్న ఎజిల్ దగ్గర 2013 చివర్లో వరసగా భూమి కంపించినప్పుడు డాలస్‌లోని ఎస్‌ఎంయూ యూనివర్సిటీ పరిశోధకులు చూపిన కారణం ఫ్రాక్ పగుళ్లు కాదు, ఈ నీళ్లు పంపడం, దగ్గర్లోని బావుల నుంచి ఉప్పునీళ్లు తోడటం, రెండూ కలిసి. డిస్పోజల్ బావి దగ్గర్లో ఉంటే హోమ్ ఇన్సూరెన్సులో భూకంపం కవర్ అవుతుందో లేదో ముందే అడగండి, మామూలు పాలసీలో సాధారణంగా ఉండదు.

తర్వాత ఫ్రాక్‌ఫోకస్ అనే వెబ్‌సైట్. ఏపీఐ నంబరు కొడితే ఆ బావిలో పోసిన రసాయనాల పట్టిక వస్తుంది, కొన్ని వరసల్లో వ్యాపార రహస్యం అని మాత్రమే ఉంటుంది. టెక్సస్‌లో ఇది 2012 ఫిబ్రవరి నుంచే తప్పనిసరి, బార్నెట్ జోరంతా అంతకు ముందే. కాబట్టి పాత బావికి ఏమీ దొరకకపోతే ఆశ్చర్యపోవద్దు.

ఎంత దూరం చాలు?

ఊరికో లెక్క. కొత్త బావికీ ఇంటికీ మధ్య ఫోర్ట్‌వర్త్ 600 అడుగులు పెట్టుకుంది, డాలస్ 2013లో 1,500 అడుగులు పెట్టింది. అయితే బావి పాతదై ఇల్లే దాని దగ్గరికి వస్తే నిబంధన వేరు, దూరం ఇంకా తక్కువ ఉండొచ్చు. పెన్సిల్వేనియాలో 11 లక్షలకు పైగా కాన్పుల రికార్డులు చూసి 2017లో అచ్చయిన అధ్యయనంలో, ఫ్రాక్ చేసిన బావికి కిలోమీటరు లోపు ఉన్న తల్లులకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం 25 శాతం ఎక్కువని తేలింది, మూడు కిలోమీటర్లు దాటాక తేడా కనిపించలేదు. కిలోమీటరంటే 3,300 అడుగులు. కాన్పు అనుకుంటున్న జంట అడిగితే ఊరి నిబంధన పక్కన పెట్టి ఈ అంకె చెబుతాను.

దూరంతో పాటు ఏముందో కూడా చూడాలి. ఒట్టి బావి తల మాత్రమే ఉంటే ఒక సంగతి, కంప్రెసర్ స్టేషన్ ఉంటే వేరే సంగతి. జస్టిన్ దగ్గర డిష్ అని చిన్న ఊరుంది. ఉచిత శాటిలైట్ టీవీ కోసం 2005లో ఊరి పేరే మార్చుకున్నారు! తర్వాత ఆ ఊరు వార్తల్లోకెక్కింది కంప్రెసర్ల చప్పుడు, వాసనల వల్ల. పిల్లలకు ముక్కుల్లోంచి రక్తం కారుతోందని మేయరే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. కాబట్టి ఇల్లు పగలు ఒకసారి, రాత్రి పదకొండుకి ఒకసారి చూడండి, కారు ఇంజను ఆపి వినండి. గాలిలో బెంజీన్ అనే విష రసాయనం అంకెల కోసం టీసీఈక్యూ, అంటే రాష్ట్ర పర్యావరణ కమిషన్, బార్నెట్‌లో పెట్టిన మానిటర్ల లెక్కలు గంట గంటకీ ఆన్‌లైన్లో ఉంటాయి.

నీళ్ల విషయం సులువు. సిటీ నీళ్లయితే ఇంటి దగ్గర పరీక్ష అక్కర్లేదు. ఎకరం, రెండెకరాల స్థలంలో సొంత బోరు ఉంటే మాత్రం కొనకముందే గుర్తింపున్న ల్యాబులో మీథేన్, క్లోరైడ్, బేరియం, బెంజీన్ చూపించి రిపోర్టు దాచుకోండి. పెన్సిల్వేనియాలోని డిమాక్‌లో బోర్లలోకి మీథేన్ చేరినప్పుడు, అది ముందు నుంచీ ఉన్నదేనన్న వాదనతో ఏళ్లు గడిచాయి. ముందటి రిపోర్టు ఒక్కటే దానికి జవాబు.

కాగితాలు

టెక్సస్‌లో నేల మీది హక్కు వేరు, కింది ఖనిజ హక్కు వేరు. కింది హక్కుదే పైచేయి. బిల్డర్ ఇల్లు అమ్ముతూ ఖనిజ హక్కు తన దగ్గరే ఉంచుకోవడం ఇక్కడ మామూలు. రాయల్టీ చెక్కుల మీద ఆశ పెట్టుకోకండి. యాజమాన్య రికార్డులు చూసే టైటిల్ కంపెనీని అడగాల్సిన ముక్క ఒకటే: సర్ఫేస్ వేవర్ ఉందా? అది ఉంటే ఖనిజ హక్కుదారు మీ స్థలం మీద రిగ్గు దింపలేడు. పక్క ప్యాడ్ మీద మాత్రం దింపుకోవచ్చు. సబ్‌డివిజన్ ప్లాట్ మ్యాపు (లేఅవుట్) తెప్పించుకుని ఖాళీగా వదిలిన డ్రిల్ సైట్ ఉందేమో వెతకండి. సేల్స్ ఆఫీసులో "అది గ్రీన్‌బెల్ట్ అండీ" అంటే ఆ ప్లాట్ మ్యాపు చూపించమనండి.

ఇల్లు కొన్నాక ఊరంతా కలిసి ఆపేస్తాం అనుకునేవాళ్లకి డెంటన్ సంగతి తెలియాలి. 2014 నవంబరులో ఓటు వేసి ఊళ్లో ఫ్రాకింగ్ నిషేధించారు, 59 శాతం మద్దతు. 2015 మేలో నగరాలు ఇలా నిషేధించకుండా రాష్ట్రం హెచ్‌బీ 40 చట్టం తెచ్చింది, జూన్‌లో నగరమే నిషేధాన్ని ఎత్తేసింది. ఇప్పుడు నగరం చేతిలో ఉన్నవి చప్పుడు, లైట్లు, ట్రాఫిక్, కొంత దూరం లాంటివే. అందుకని ఫిర్యాదు సరైన చోట పెట్టండి: రాత్రి చప్పుడుకి నగరం, వాసనకి టీసీఈక్యూ, ఒలికిపోయినా బోరు నీళ్లు పాడైనా రైల్‌రోడ్ కమిషన్. తారీకు, టైము, గాలి దిక్కు రాసి, ఫోటో పెట్టండి.

ఇవన్నీ చూడటానికి ఒక వారాంతం సరిపోతుంది. పాత ఇల్లయితే ఆప్షన్ పీరియడ్ (కొనడం మానుకోవడానికి ఇచ్చే గడువు) లోపల చేసుకోవచ్చు. కొత్త ఇంటికి బిల్డర్లు సొంత కాంట్రాక్టు వాడతారు, అందులో చాలాసార్లు ఆప్షన్ పీరియడే ఉండదు, కట్టిన అడ్వాన్సు వెనక్కి రాదు. అక్కడ మ్యాపు చూడటం సంతకానికి ముందే అయిపోవాలి.