పట్టికలో కాలమ్ ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?

డేటాబేస్‌లోని పాత పట్టికకు కొత్త కాలమ్ చేర్చే స్క్రిప్టును రెండోసారి నడిపినప్పుడు అది ఎర్రర్‌తో ఆగిపోకూడదంటే, ఆ కాలమ్ ఇప్పటికే ఉందేమో ముందే చూసుకోవాలి. కాలమ్‌ను నేరుగా సెలెక్ట్ చేసి, ఎర్రర్ వస్తే లేదనుకోవడం కొందరి అలవాటు. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ (ఒక్కటిగా నడిచే కమాండ్ల గుంపు) మధ్యలో ఎర్రర్ వస్తే, రోల్‌బ్యాక్ చేసేదాకా, అంటే దాన్ని వెనక్కి తీసుకునేదాకా, తర్వాతి కమాండ్లేవీ నడవవు కాబట్టి ఆ దారి మంచిది కాదు.

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడింటిలోనూ ఇన్ఫర్మేషన్ స్కీమా (డేటాబేస్ తన పట్టికల వివరాలను చూపే చోటు) కింద కాలమ్స్ అనే వ్యూ, అంటే పట్టికలాగే వెతకగల జాబితా, ఉంటుంది. స్కీమా (పట్టికలను ఉంచే గుంపు) పేరు, పట్టిక పేరు, కాలమ్ పేరు మూడింటినీ వేర్ షరతులో ఇచ్చి ఆ వ్యూను వెతికినప్పుడు వరుస వస్తే, కాలమ్ ఉన్నట్టే. ఎక్కువమంది స్కీమా పేరును వదిలేస్తారు. అదే పేరుగల పట్టిక మరో స్కీమాలో ఉంటే, దాని కాలమ్‌ను చూసి మనదే అనుకునే ప్రమాదం ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో స్కీమా, డేటాబేస్ ఒకటే కనుక, అక్కడ ఆ షరతులో డేటాబేస్ పేరు ఇవ్వాలి.

వరుస రానంత మాత్రాన కాలమ్ లేదని తేల్చేయకూడదు. ఈ వ్యూ మన లాగిన్‌కు అనుమతి ఉన్న కాలమ్‌లను మాత్రమే చూపుతుంది. పైగా కోట్స్ లేకుండా రాసిన పేర్లను పోస్ట్‌గ్రెస్ స్మాల్ లెటర్స్‌లోనూ, ఒరాకిల్ క్యాపిటల్ లెటర్స్‌లోనూ దాచుకుంటాయి కాబట్టి, వెతికే పేరును కూడా అదే రూపంలో ఇవ్వాలి. ఒరాకిల్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమా లేదు. అక్కడ యూజర్_ట్యాబ్_కాలమ్స్ అనే వ్యూలో వెతకాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇంకా చిన్న దారి ఉంది: కాల్_లెంగ్త్ ఫంక్షన్‌కు పట్టిక పేరు, కాలమ్ పేరు ఇస్తే, కాలమ్ లేనప్పుడు నల్ (ఖాళీ విలువ) వస్తుంది. అయితే ఇఫ్ లోపల కాలమ్‌ను చేర్చి, అదే బ్యాచ్‌లో (సర్వర్‌కు ఒకేసారి పంపే వాక్యాల గుంపులో) దాన్ని వాడితే, సర్వర్ ఆ వాక్యాన్ని ముందే కంపైల్ చేయబోయి, అలాంటి కాలమ్ లేదని ఆపేస్తుంది. ఆ వాక్యాన్ని వేరే బ్యాచ్‌లోకి మార్చాలి.

ఎస్‌క్యూలైట్‌లో ప్రాగ్మా టేబుల్_ఇన్ఫో అనే కమాండ్ కాలమ్‌ల జాబితా ఇస్తుంది, జనరేటెడ్ కాలమ్‌లు (ఇతర కాలమ్‌ల నుంచి లెక్కగట్టేవి) కూడా కావాలంటే టేబుల్_ఎక్స్‌ఇన్ఫో వాడాలి. ఇక్కడ సెలెక్ట్‌తో పరీక్షించడం మరీ ప్రమాదం: డబుల్ కోట్స్‌లో రాసిన పేరుతో కాలమ్ లేకపోతే, సాధారణ సెట్టింగుల్లో అది ఎర్రర్ ఇవ్వదు సరికదా, ఆ పేరునే అక్షరాల విలువగా తిరిగి ఇస్తుంది.

పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచీ, మరియాడీబీలోనూ యాడ్ కాలమ్ తర్వాత ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ అని రాస్తే ఈ తనిఖీ అవసరమే ఉండదు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ వెసులుబాటు లేదు. కానీ ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పేరును మాత్రమే చూస్తుంది: అదే పేరుతో వేరే డేటా టైప్‌లో కాలమ్ ఉన్నా చేర్చకుండా దాటిపోతుంది. అందువల్ల టైప్ కూడా ముఖ్యమైనచోట, కాలమ్స్ వ్యూలోని డేటా_టైప్ విలువను కూడా చదివి పోల్చాలి.