చిన్న రైలు పట్టాలు పరిచే ముందు కొలతల విషయంలో జాగ్రత్తలు

కాజీపేట జంక్షన్‌ను చిన్న నమూనాగా ఇంట్లో బల్లపై నిలపాలనుకునేవారు ప్లైవుడ్ కోయించక ముందే స్కేలు, గేజీ వేర్వేరని గ్రహించాలి. స్కేలు తగ్గింపు నిష్పత్తి, గేజీ రెండు పట్టాల మధ్య దూరం. నమూనా రైళ్లకు ఎక్కువగా వాడే హెచ్‌ఓ స్కేలు 1:87, దాని పట్టా గేజీ 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల విదేశీ గేజీకి సరిపోతుంది గానీ, మన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజీని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. బజారులో దొరికే పట్టాతో సర్దుకోవడమే మేలని నా అభిప్రాయం, అయితే ఆ తేడా తెలిసి సర్దుకోవాలి.

వంపుల దగ్గర తొందర పనికిరాదు. 23.54 మీటర్ల ఎల్‌హెచ్‌బీ (మన రైళ్లలోని కొత్త తరహా) ప్రయాణికుల పెట్టె ఈ స్కేలులో 27 సెంటీమీటర్లు. అంత పొడవు, 3.7 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్టముక్కను కత్తిరించి, బోగీల (పెట్టె కింద రెండు చివరల ఉండే చక్రాల చట్రాల) స్థానాల్లో, అంటే 17 సెంటీమీటర్ల ఎడంతో రెండు గుండుసూదులు గుచ్చి, గీసిన వంపు వెంట జరపాలి. 45 సెంటీమీటర్ల వ్యాసార్థంలో అట్ట నడుమ సుమారు 8 మిల్లీమీటర్లు లోపలికి చొచ్చుకొస్తుంది. ప్లాట్‌ఫారం అంచును ఆ మేరకు వెనక్కి జరపాలి.

24 పెట్టెల రైలుకు దాదాపు 6.5 మీటర్లు కావాలి, కాబట్టి ఆరేడు పెట్టెలతో తృప్తిపడాలి. వడ్రంగికి అడుగుల్లో చెప్పి, మనం మిల్లీమీటర్లలో గీసుకోకూడదు. నా మొదటి బల్ల అలాగే పొట్టిదైంది.