వాక్-ఆన్‌గా చేరే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో పెద్ద కాలేజీ టీమ్‌లో స్కాలర్‌షిప్ లేకుండా, వాక్-ఆన్‌గా ఆడతానని మీ ఇంట్లో పిల్లలు అంటున్నారా? సరే అనేముందు ఇవి చూడండి.

- ఖర్చు. ఫీజు, ఉండడం, తిండి నాలుగేళ్లకూ లెక్క వేయండి. స్కాలర్‌షిప్ తర్వాత వస్తుందేమో అన్న ఆశను మాత్రం ఆ లెక్కలో కలపొద్దు.

- చోటు నిజంగా ఉందా? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 2025-26 నుంచి హౌస్ సెటిల్‌మెంట్‌లో (ఆటగాళ్లకు కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చన్న కోర్టు ఒప్పందం) చేరిన కాలేజీలకు జట్టు సైజు మీదే పరిమితి వచ్చింది, అమెరికన్ ఫుట్‌బాల్‌కి 105, బేస్‌బాల్‌కి 34, బాస్కెట్‌బాల్‌కి 15 మంది, అంటే ముందు కోత పడేది వాక్-ఆన్‌లకే. కోచ్ 'ప్రిఫర్డ్ వాక్-ఆన్' (స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టులోకి తానే పిలిచినవాడు) అన్నాడా, ట్రైఅవుట్‌కి, అంటే సెలెక్షన్‌కి, వచ్చి చూపించమన్నాడా? సీజన్ మొదలయ్యేలోపు తీసేసే అవకాశం ఉందా? మొహమాటపడకుండా అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

- ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ఎలిజిబిలిటీ సెంటర్‌లో, అంటే ఆడే అర్హత చూసే విభాగంలో, రిజిస్ట్రేషన్, మెడికల్ పరీక్ష ముందే పూర్తిచేయండి.

- టైమ్. సీజన్‌లో వారానికి 20 గంటలే పరిమితి అంటారు కానీ ప్రయాణాలు, ఫిజియో దగ్గర గడిపే టైమ్ అందులోకి రావు, కాబట్టి ఇంజనీరింగ్ ల్యాబ్‌లు ఉన్నవాళ్లు టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకుని చూసుకోవాలి.

- దెబ్బ తగిలితే ఏ ఇన్సూరెన్స్ ఎంత కడుతుందో కనుక్కోండి.

- ఆడకపోయినా ఆ కాలేజీలో చదవడం ఇష్టమేనా? జార్జియా యూనివర్సిటీకి అమెరికన్ ఫుట్‌బాల్‌లో వరుసగా రెండు జాతీయ టైటిళ్లు గెలిపించిన స్టెట్సన్ బెనెట్‌కి కూడా దారి తిన్నగా లేదు: వాక్-ఆన్‌గా చేరి, మధ్యలో జూనియర్ కాలేజీకి వెళ్లి, స్కాలర్‌షిప్‌తో తిరిగొచ్చాడు. ఆడకపోయినా ఇష్టమేనా అన్న ఈ ఒక్క ప్రశ్నకి పిల్లల్నే, తీరిగ్గా, జవాబు చెప్పనివ్వండి.