స్కీయింగ్‌కి వెళ్ళేముందు బ్యాలెన్స్, టర్నింగ్ బెంగళూరులోనే ఎలా ప్రాక్టీస్ చేయాలి?

మారతహళ్ళి, బీటీఎం వైపు ఉండే మనవాళ్ళు చాలామంది జనవరి, ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని ఔలీకో కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌కో స్కీయింగ్‌కి వెళ్తున్నారు, వెళ్ళాక మొదటి రెండ్రోజులు పడటం లేవడంతోనే సరిపోతోంది. నాకూ అంతే అయింది. వాలు చూడగానే భయంతో కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలిపోతాం, బరువంతా మడమల మీదకి పోయి స్కీ ముందు భాగం తేలికైపోతుంది, ఇక ఎంత తిప్పినా అది మన మాట వినదు. ఈ ఒక్క అలవాటు మీద ఇక్కడే పని చేసి వెళ్ళండి.

ముందు నిలబడటం. ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్ బండ మీద కెంపేగౌడ గోపురం దగ్గర, కొంచెం వాలుగా ఉన్నచోట కిందకి తిరిగి నిలబడండి (వాన పడిన రోజు మాత్రం వద్దు, జారుతుంది). మోకాళ్ళు, చీలమండలు కొంచెం వంచి, చేతులు రెండూ స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకి పెట్టండి. మంచు మీద గుర్తు ఏంటంటే మోకాలి కింద ఎముక బూటు ముందు భాగాన్ని నొక్కుతూనే ఉండాలి, ఆ ఒత్తిడి పోయిందంటే వెనక్కి వాలిపోయినట్టే.

ఇంట్లో అయితే పళ్ళు తోముకునేటప్పుడు చెప్పులు లేకుండా ఒంటికాలి మీద నిలబడండి. వారం తర్వాత గోడ పక్కన కళ్ళు మూసుకుని చేయండి.

ఇక టర్న్. ఎడమకి తిరగాలంటే బరువు కుడికాలి మీద పడాలి, అంటే ఎప్పుడూ బయటి స్కీ మీద. బైక్ నడిపేవాళ్ళకి ఇక్కడే తేడా కొడుతుంది, బైక్ మీద ఒళ్ళంతా లోపలికి వాలుస్తాం కదా, ఇక్కడ కాళ్ళు లోపలికి వాలినా నడుము పైభాగం బయటికాలి మీదకే ఉండాలి. స్నోప్లౌ (స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక భాగాలు దూరంగా పెట్టి మెల్లగా జారడం) వచ్చి, స్కీలు పక్కపక్కన పెట్టి తిరగడం మొదలయ్యాక తక్కువ వాలు ఉన్నచోట టర్న్ మధ్యలో లోపలి స్కీ వెనక భాగాన్ని కాస్త ఎత్తి చూడండి, ఎత్తగలిగారంటే బరువు సరిగ్గా ఉన్నట్టు. చూపు స్కీ కొసల మీద కాదు, తర్వాత తిరగబోయే చోటు మీద ఉండాలి. స్పీడు ఎక్కువైతే కంగారుపడి సగంలో వదిలేయకండి, కొండకి అడ్డంగా వచ్చేదాకా టర్న్ పూర్తి చేస్తే స్పీడు అదే తగ్గుతుంది.

బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు, గుల్మార్గ్ 2,600 పైనే, మొదటిరోజు ఆయాసం వస్తుంది, మెల్లగా చేయండి.

ఇంకోటి, అద్దె బూట్లు. నేను చలికని రెండు జతల సాక్సులేసి ఒక సైజు పెద్దది తీసుకున్నా, కాలు లోపల కదిలిపోయి రోజంతా స్కీ తిరగలేదు. ఒక్క జత చాలు. బూటు బిగించి మోకాలు ముందుకి వంచినప్పుడు మడమ లేవకూడదు, లేస్తే మొహమాటపడకుండా వేరే సైజు అడగండి.