డిస్నీ వరల్డ్ రద్దీలో అమ్మానాన్నలు కాళ్లు చాపుకునే చోట్లు

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగగానే అమెరికాలోని తెలుగు ఇళ్లలో వేసుకునే ప్రయాణాల్లో ఓర్లాండో డిస్నీ వరల్డ్ ఒకటి. టికెట్లు, హోటలు, లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి పొట్టి క్యూలో వెళ్లే ఏర్పాటు) అన్నీ ముందే చూసుకుంటారు. ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి మోకాళ్లు పట్టేశాక బెంచీ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆ వేళకి నీడలో ఉన్న బెంచీలన్నీ నిండిపోయి ఉంటాయి.

అందుకే ప్లాను తిరగేసి వేసుకోండి. కూర్చునే చోట్లు, వేళలు ముందు రాసుకుని, మధ్యలో రైడ్లు ఇరికించండి. అరవై దాటినవాళ్లకి ప్రతి గంటన్నరకీ ఓ ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం ఒకసారి రెండు గంటలు విశ్రాంతి పెట్టుకుంటే సాయంత్రం బాణసంచా దాకా నిలబడగలరు.

చోటు ఎంచుకునేటప్పుడు దాని ముందున్న దారి ఎటు పోతుందో చూడండి. రెండు పెద్ద రైడ్ల మధ్య ఉన్న బెంచీ ఎంత చల్లగా ఉన్నా స్ట్రోలర్లు కాళ్లకి రాసుకుంటూనే ఉంటాయి. లోపలికెళ్లి మళ్లీ అదే దారిన వెనక్కి రావాల్సిన మూలకి జనం రారు. ఇక ఏసీ కావాలంటే పెద్ద హాల్లో ఇరవై నిమిషాలకి తగ్గకుండా నడిచే ప్రదర్శన వెతకండి.

మ్యాజిక్ కింగ్‌డమ్

డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లో ఇదొకటి. ఇక్కడ అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది టుమారోల్యాండ్ అనే ప్రాంతంలోని కారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం తయారైన ప్రదర్శన ఇది. దాదాపు 21 నిమిషాలు చీకట్లో, చల్లగా కూర్చోవచ్చు. వేదికలు ఉన్నచోటే ఉంటాయి, మనం కూర్చున్న హాలే వాటి చుట్టూ తిరుగుతుంది. ఒక్కో భాగంలో 240 సీట్లు, కొన్ని నిమిషాలకో భాగం నిండుతుంది. బయట క్యూ పెద్దగా ఉండకపోవడానికి కారణం అదే. చిక్కల్లా ఒక్కటే: మొదలయ్యాక మధ్యలో లేచి బయటికి రావడం కుదరదు. షుగరు ఉన్నవాళ్లని ముందే బాత్రూమ్‌కి తీసుకెళ్లండి.

పక్కనే ఉన్న పీపుల్‌మూవర్ పది నిమిషాల పాటు నింపాదిగా పార్కుని పైనుంచి చూపిస్తుంది, గాలి కూడా తగులుతుంది. కాకపోతే ఎక్కడం దగ్గర జాగ్రత్త. కదిలే ర్యాంపు మీద పైకెళ్లాలి, పైన తిరుగుతున్న చప్టా మీద నడుస్తూనే బండిలోకి కాలు పెట్టాలి. అమ్మ చీరలో ఉంటే కుచ్చిళ్లు ఒక చేత్తో చీలమండ పైకి ఎత్తి పట్టుకోమనండి, రెండో చెయ్యి రెయిలింగ్ మీద. పమిట చెంగు నడుముకి దోపుకోవాలి. మీరు వెనక నిలబడితే లాభం లేదు, పక్కన నడవాలి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు లేచి నడవగలిగితేనే ఈ రైడ్ పెట్టుకోండి.

లిబర్టీ స్క్వేర్‌లోని హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్ ప్రదర్శన పిల్లలకి విసుగు, పెద్దలకి వరం. ఇరవై నిమిషాలకి పైనే, మంచి సీట్లు. మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు చాలామందే కనిపిస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. దగ్గర్లోనే కొలంబియా హార్బర్ హౌస్ అనే హోటలుంది. మెట్లెక్కగలిగితే పై అంతస్తు కింద కన్నా చాలా నిదానంగా ఉంటుంది. ఆరుబయటే కావాలంటే స్టోరీబుక్ సర్కస్ నుంచి టుమారోల్యాండ్‌కి రైలు పట్టాల వెంబడి పోయే దారి పట్టండి. హాంటెడ్ మాన్షన్ దగ్గర టాంగిల్డ్ సినిమా పేరుతో ఉన్న బాత్రూమ్‌ల పక్కన కూర్చునే చోటుంది. అక్కడి చెట్టు మొద్దుల్లో ఫోను ఛార్జింగ్ పాయింట్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కాబట్టి ప్రశాంతత ఆశించకండి, ఫోను మాత్రం నిండుతుంది.

పాత సలహాల్లో టామ్ సాయర్ ఐలాండ్, లిబర్టీ బెల్ పడవ తప్పకుండా ఉంటాయి. ఆ రెండూ 2025 జూలైలో మూసేశారు. మిగతావి కూడా మరమ్మతుల కోసం అప్పుడప్పుడూ ఆపుతుంటారు కాబట్టి ఆ రోజు పొద్దునే డిస్నీ యాప్‌లో చూసుకోండి.

పగటి పరేడ్‌కి ముందు మెయిన్ స్ట్రీట్, కోట ముందరి మైదానం, ఫ్రాంటియర్‌ల్యాండ్ కిక్కిరిసిపోతాయి. దారులకి తాళ్లు కడతారు, అవతలికి దాటడమే గగనం. పరేడ్ అటు రాదు కాబట్టి ఓ ముప్పావుగంట ముందే టుమారోల్యాండ్‌కి చేరిపోండి.

ఎప్కాట్

పెద్దలతో ఒక్క పార్కే చూడగలమంటే ఇదే చూడండి. ముందు ద ల్యాండ్ భవనంలో లివింగ్ విత్ ద ల్యాండ్ పడవ ఎక్కించండి. పావుగంటకి కాస్త తక్కువ. మట్టి లేకుండా నీళ్లలోనే వేళ్లూనిన పంటలు, అరటి, బొప్పాయి పక్కనుంచే పోతుంటాయి. వ్యవసాయం తెలిసిన నాన్నలు దిగాక కూడా దాని గురించే మాట్లాడుతుంటారు. పక్క భవనం సీస్‌లో పెద్ద అక్వేరియం ఉంది. అద్దం ముందు కూర్చుని ఎంతసేపైనా చేపల్ని చూడొచ్చు, లేవమనేవాళ్లుండరు.

వెనక సరస్సు చుట్టూ ఉన్న పదకొండు దేశాల పెవిలియన్లు మామూలుగా 11 గంటలకి తెరుస్తారు. చుట్టు మొత్తం సుమారు రెండు కిలోమీటర్లు. మోకాళ్లు నొప్పులైతే మొత్తం తిప్పకండి, సరస్సు దాటించే పడవలున్నాయి. ముందరి అంగళ్ల దగ్గర రద్దీ, వెనక ఖాళీ, ఇదీ ఇక్కడి పద్ధతి. జపాన్‌లో మెట్లెక్కి వెనక్కెళ్తే కోయి చేపల చెరువుల తోట. మొరాకోలో లోపలి సందులు. బ్రిటన్ దుకాణాల వెనక పొదల తోట. అక్కడ బ్యాండు వాయించే వేళలు తప్పించి వెళ్లండి. కెనడాలో వెనక జలపాతం, దాని హోరులో జనం గోల వినిపించదు.

ఏసీలో అరగంట కావాలంటే అమెరికా పెవిలియన్లో అమెరికన్ అడ్వెంచర్ అనే ప్రదర్శన. చాలా పెద్ద హాలు, వెనక వరసల్లో ఎప్పుడూ చోటుంటుంది. యాప్‌లో వేళ చూసుకుని పది నిమిషాల ముందు వెళ్తే చాలు. మరీ ముందు వెళ్తే గుమ్మటం కింద నిలబడాలి. చైనా, కెనడాల్లో చుట్టూ తెరలుండే సినిమాలకి ‘ఏసీ ఉంది కదా’ అని పెద్దవాళ్లని తీసుకెళ్లి పొరబడేవాళ్లెక్కువ. వాటిలో సీట్లుండవు, ఆనుకోవడానికి కమ్మీలే. శుక్ర, శనివారాల సాయంత్రాలు ఈ వైపంతా గ్లాసులు పట్టుకున్న గుంపులే. పెద్దలతో వస్తే మామూలు రోజుల్లో రండి.

మిగతా రెండూ

యానిమల్ కింగ్‌డమ్‌లో నీడకి లోటు లేదు, ఉక్కపోతకీ లేదు. ఫ్లేమ్ ట్రీ బార్బెక్యూ వెనక మెట్లు మెట్లుగా నీటి ఒడ్డుకి దిగే మండపాలున్నాయి. అందరూ పై బల్లల దగ్గరే ఆగిపోతారు, మీరు చివరిదాకా దిగండి. ట్రీ ఆఫ్ లైఫ్ చుట్టూ ఉన్న కాలిబాటలు కూడా బాగుంటాయి. పాడుబడిన రాజమహల్‌లా కట్టిన మహారాజా జంగిల్ ట్రెక్‌లో పులులున్నాయి, అమ్మానాన్నలకి కాస్త ఇంటి వాసన.

హాలీవుడ్ స్టూడియోస్‌లో ఎండే ఎండ. అరగంట నడిచే ఫ్రోజెన్ పాటల ప్రదర్శన ఏసీ హాల్లో ఉంటుంది, మధ్యాహ్నానికి దాన్నే నమ్ముకోండి.

రెండు గంటల విశ్రాంతికి పార్కు బయటికే

అదే టికెట్‌తో అదే రోజు మళ్లీ లోపలికి రావచ్చు. రిసార్టుల లాబీల్లో కూర్చోడానికి అక్కడ గది తీసుకుని ఉండక్కర్లేదు. మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి కాంటెంపరరీ రిసార్టుకి నడక పది నిమిషాలే. గ్రాండ్ ఫ్లోరిడియన్‌కి మోనోరైలు, వైల్డర్‌నెస్ లాడ్జ్‌కి పడవ ఉన్నాయి. పెద్ద పెద్ద సోఫాలు, పలచటి జనం. ఎప్కాట్‌లోనైతే ఫ్రాన్స్, బ్రిటన్ల మధ్య ఉన్న గేటు దాటితే బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్ రిసార్టులు దగ్గరే. రానుపోను, మళ్లీ సెక్యూరిటీ అన్నీ కలుపుకుంటే రెండున్నర గంటలు చేతిలో లేకపోతే ఈ పని పెట్టుకోకండి.

వేసవిలో ఫ్లోరిడాలో మధ్యాహ్నం పూట ఉరుముల వాన తరచూ పడుతుంది. మెరుపులొస్తే స్కైలైనర్ (తీగ మీద గాల్లో వెళ్లే క్యాబిన్లు), ఆరుబయట రైడ్లు ఆపేస్తారు, జనమంతా ఒక్కసారిగా హాళ్లలోకి దూరతారు. మబ్బు పట్టగానే లోపల చేరండి, చినుకు పడేదాకా ఆగకండి.

సంచిలో ఏముండాలి

వేడి చేయనక్కర్లేని ఇంటి తిండి లోపలికి రానిస్తారు కాబట్టి పులిహోర, దద్దోజనం హాయిగా తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలో ఆవకాయ మాత్రం వద్దు, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. మడత కుర్చీలు గేటు దగ్గరే ఆపేస్తారు. కూల్‌డ్రింకులు పోసే కౌంటర్ల దగ్గర అడిగితే గ్లాసుతో ఐసు నీళ్లు ఉచితంగా ఇస్తారు. ఎండలోంచి హాల్లోకి వెళ్లగానే చలి పట్టేస్తుంది, శాలువా ఉండాలి.

కళ్లు తిరిగినా, నిజంగా పడుకోవాల్సి వచ్చినా ఫస్ట్ ఎయిడ్ సెంటర్‌కి వెళ్లండి. ప్రతి పార్కులోనూ ఒకటుంది, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ పక్కన. మంచాలుంటాయి, ఇన్సులిన్ ఉంటే ఫ్రిజ్‌లో పెడతారు. పాలు తాగే పాపాయి ఉంటే దగ్గర్లోనే ఉండే బేబీ కేర్ సెంటర్ అంత నిశ్శబ్దమైన గది పార్కులో ఇంకొకటి దొరకదు.

పెద్దల్ని ఒకచోట కూర్చోబెట్టి మీరు రైడ్‌కి వెళ్తుంటే, ఇండియా సిమ్ ఉన్న వాళ్ల ఫోనుని ముందే పార్కు ఉచిత వైఫైకి కలిపి, వాట్సాప్ కాల్ ఒకసారి చేసి చూడండి. ఆ చోటు పేరు ఇంగ్లిష్‌లో, మీ నంబరుతో సహా కాగితం మీద రాసి నాన్న చొక్కా జేబులో పెట్టండి. ఫోన్లో పెట్టిన నోటు ఛార్జింగ్ అయిపోతే పనికిరాదు.